ఒక కన్ను మూసి చూస్తేనే బయటపడే లోపం: పిల్లల్లో లేజీ ఐ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లేజీ ఐ అంటే అసలు ఏమిటి?

సరైన పవర్‌తో అద్దాలు పెట్టినా, కంటి లోపల జబ్బేమీ కనిపించకపోయినా, చూపు మాత్రం రావలసినంత రాకపోవడం. డాక్టర్లు చీటీలో ఆంబ్లియోపియా అని రాసేది దీన్నే. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటుంది, చాలావరకు ఒక కంటికే.

లోపం కంటిగుడ్డులో కన్నా మెదడులో ఎక్కువ. పుట్టగానే బిడ్డకు పూర్తి చూపు ఉండదు. రెండు కళ్ల నుంచీ స్పష్టమైన బొమ్మలు అందుతుంటే వాటిని పోల్చుకోవడం మెదడు మొదటి ఏడెనిమిదేళ్లలో నేర్చుకుంటుంది. ఒక కంటి నుంచి మసక బొమ్మో, పక్కకు జరిగిన బొమ్మో వస్తుంటే దాన్ని పట్టించుకోవడం మానేసి రెండో కంటితోనే పని నడిపిస్తుంది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కంటి రెప్పలు కుట్టేసి, కొన్నాళ్ల తర్వాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉంది, మెదడులో ఆ కంటికి స్పందించే కణాలే దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లులకు అదే పని చేస్తే అలాంటి నష్టం జరగలేదు. 1981లో వాళ్లకు వచ్చిన నోబెల్ బహుమతి వెనక ఈ పరిశోధన కూడా ఉంది. డాక్టర్లు వయసు గురించి అంత పట్టుపట్టడానికి కారణం ఇదే.

మెల్లకన్ను, లేజీ ఐ ఒకటేనా?

కాదు. మెల్లకన్ను అంటే రెండు కళ్లూ ఒకే చోటికి గురిపెట్టకపోవడం, అది బయటికి కనిపిస్తుంది. లేజీ ఐ అంటే చూపు తగ్గడం, అది బయటికి కనిపించదు. మెల్ల వల్ల లేజీ ఐ రావచ్చు. మెల్ల ఉన్నా, రెండు కళ్లను మార్చి మార్చి వాడే పిల్లలకు చూపు రెండిటిలోనూ బాగానే ఉండవచ్చు. ఇక కళ్లు చక్కగా, సూటిగా ఉండి ఒక కంటికి చూపు పావు వంతుకు పడిపోయిన పిల్లలూ ఉన్నారు. ఆలస్యంగా దొరికేది ఎక్కువగా ఈ మూడో రకం వాళ్లే, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఎందుకు వస్తుంది?

ముఖ్యంగా మూడు దారులు. మెల్లకన్ను ఒకటి. రెండు కళ్లూ రెండు వేర్వేరు బొమ్మలు పంపితే ఒకటి రెండుగా కనిపించాలి. అది తప్పించుకోవడానికి మెదడు ఒకదాన్ని అణచేస్తుంది.

రెండోది సైటు, అందులోనూ రెండు కళ్లకు వేర్వేరుగా ఉన్న సైటు. ఒక కంటికి ప్లస్ 1, రెండో కంటికి ప్లస్ 4 ఉందనుకోండి. దృష్టి నిలిపే కండరాలు రెండు కళ్లలోనూ ఒకేసారి, ఒకే మోతాదులో పనిచేస్తాయి. తక్కువ పవర్ ఉన్న కంటికి బొమ్మ స్పష్టం కాగానే అవి ఆగిపోతాయి. దాంతో ప్లస్ 4 కంటికి దగ్గర వస్తువైనా, దూరపు వస్తువైనా ఎప్పుడూ మసకే. అదే ఒక కంటికి మైనస్ 1, రెండో కంటికి మైనస్ 3 ఉంటే ముప్పు తక్కువ, ఎందుకంటే మైనస్ 3 కన్ను కనీసం దగ్గరి వస్తువులను స్పష్టంగా చూస్తుంది. అందుకే ప్లస్‌లో 1, 1.5 డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) తేడా కూడా చూపును దెబ్బతీయగలదు, మైనస్‌లో అయితే అంతకన్నా చాలా ఎక్కువ తేడా ఉండాలి. రెండు కళ్లకూ ఎక్కువ ప్లస్ పవరో, ఎక్కువ సిలిండర్ పవరో ఉండి అద్దాలు లేకపోతే రెండూ మందగించవచ్చు.

మూడోది వెలుగును అడ్డుకునేవి: పుట్టుకతో వచ్చిన శుక్లం, కంటిపాపను కప్పేలా వాలిన రెప్ప, నల్లగుడ్డు మీద మచ్చ. అరుదే కానీ అన్నిటికన్నా తీవ్రమైనది. పుట్టుకతో ఒక కంటికే దట్టమైన శుక్లం ఉంటే ఆపరేషన్ దాదాపు ఆరు వారాల వయసులోపు జరగాలని చూస్తారు. అక్కడ లెక్క నెలల్లో కాదు, వారాల్లో.

మా పాప నేల మీది చిన్న పూసను కూడా ఏరుతుంది, టీవీ దూరం నుంచే చూస్తుంది. చూపు బాగున్నట్టే కదా?

బాగున్న కన్ను ఒకటి ఉందని మాత్రమే దాని అర్థం. ఒక కంటికి పూర్తి చూపు ఉంటే బిడ్డ నడవడం, ఆడుకోవడం, బొమ్మలకు రంగులు వేయడం అన్నీ మామూలుగానే చేస్తుంది. రెండో కంటితో ఎలా కనిపించాలో ఆ బిడ్డకు ఎప్పుడూ తెలియదు కాబట్టి ఫిర్యాదూ చేయదు. “ఏమీ చెప్పలేదే” అనే మాటను ఈ విషయంలో లెక్కలోకి తీసుకోకూడదు.

ఇంట్లో ఏవి గమనించాలి?

ఒక కన్ను లోపలికో బయటికో తిరగడం, ముఖ్యంగా అలసిపోయినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పరధ్యానంగా ఉన్నప్పుడు. ఎండలోకి రాగానే ఎప్పుడూ ఒకే కన్ను మూసుకోవడం. ఏదైనా శ్రద్ధగా చూసేటప్పుడు తల ఒకే పక్కకు వంచడం, ముఖం తిప్పి చూడడం. మెట్ల అంచు అంచనా తప్పడం, విసిరిన బంతి తరచుగా జారవిడవడం, కప్పులో పోయబోయి పక్కన పోయడం. ఇవి కనిపిస్తే చూపించండి, కానీ వీటి కోసం ఎదురుచూడకండి. సైటు తేడా వల్ల వచ్చే లేజీ ఐలో వీటిలో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు.

తల్లిదండ్రులకో, తోడబుట్టిన వాళ్లకో మెల్ల, లేజీ ఐ, చిన్నప్పటి నుంచే పెద్ద పవర్ అద్దాలు ఉంటే, బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఉంటే, డౌన్ సిండ్రోమ్ వంటివి ఉంటే లక్షణాలేవీ లేకపోయినా ముందుగానే కళ్ల డాక్టరుకు చూపించాలి.

ఆలస్యం చేయకూడనివి ఏవి?

కంటిపాప తెల్లగా మెరవడం, లేదా ఫ్లాష్ ఫోటోలో ఒక కంట్లో ఎరుపు, రెండో కంట్లో తెలుపు రావడం. బిడ్డ ఫ్లాష్‌కు పక్కగా చూసినప్పుడు ఏ జబ్బూ లేకుండా కూడా అలా రావచ్చు. అయినా ఊరుకోవద్దు, శుక్లం దగ్గర్నుంచి కంటి లోపలి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా దాకా దీనికి కారణం కావచ్చు. ఒకటి రెండు రోజుల్లో చూపించండి, ఆ ఫోటో కూడా తీసుకెళ్లండి. ఇంతవరకు లేని మెల్ల హఠాత్తుగా రావడం, దానితో పాటు తలనొప్పి, వాంతులు, రెప్ప వాలడం ఉంటే అదే రోజు వెళ్లాలి. మూడు నెలలు దాటినా బిడ్డ ముఖాన్ని చూడకపోవడం, కదిలే బొమ్మ వెంట కళ్లు తిప్పకపోవడం, కళ్లు అదేపనిగా ఊగడం కూడా వాయిదా వేయదగ్గవి కావు.

రెండు నెలల బాబుకు అప్పుడప్పుడు మెల్లలా అనిపిస్తోంది. కంగారు పడాలా?

మొదటి మూడు నాలుగు నెలలు కళ్లు ఒక్కోసారి కలవకపోవడం మామూలే. నాలుగు నెలల తర్వాత కూడా కనిపిస్తే, లేదా ఏ వయసులోనైనా కన్ను ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగి ఉంటే చూపించాలి. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లలో లోపలి మూల చర్మం తెల్లగుడ్డును కప్పి, లేని మెల్ల ఉన్నట్టు అనిపిస్తుంది. అసలుదా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. “పెద్దయితే అదే పోతుంది” అనే మాట ఈ ఉత్తుత్తి మెల్ల విషయంలోనే నిజం.

ఇంట్లో పరీక్షించుకోవచ్చా? ఎలా?

అనుమానం తేల్చుకోవడానికి రెండు తేలిక పరీక్షలు ఉన్నాయి. తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తేడా కనిపించకపోయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

మొదటిది కన్ను మూసి చూడడం. బిడ్డను ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఎదురుగా ఇష్టమైన బొమ్మో, వీడియోనో ఉంచాలి. బిడ్డ దానిలో లీనమయ్యాక వెనక నుంచి అరచేతిని గిన్నెలా వంచి ఒక కన్నును మూయాలి. కంటిని నొక్కకూడదు, వేళ్ల మధ్య సందు ఉండకూడదు. ఈ పరీక్ష తప్పుగా రావడానికి మొదటి కారణం ఆ సందే. పది పదిహేను సెకన్లు గమనించి, చెయ్యి తీసి, కాస్త ఆగి రెండో కన్ను మూయాలి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు చేతిని తోసేయడం, తల పక్కకు జరిపి తొంగిచూడడం, ఏడవడం జరిగితే మూసినది మంచి కన్ను, తెరిచి ఉన్నది సరిగా కనిపించని కన్ను అని అనుమానించాలి. కొందరు పిల్లలు ఏ కన్ను మూసినా ఊరుకోరు. అందుకే ముందు ఏ కన్ను మూయాలన్నది మారుస్తూ, వేర్వేరు రోజుల్లో చూడండి. ప్రతిసారీ ఒకే కంటి దగ్గర గొడవ చేస్తే దానికి అర్థం ఉంది. రెండు కళ్లూ సమానంగా మందగించి ఉంటే మాత్రం ఈ పరీక్షలో ఏమీ తేలదు.

రెండోది టార్చి వెలుగు. అర మీటరు దూరం నుంచి, కళ్లు మిరుమిట్లు గొలపని చిన్న టార్చిని బిడ్డ ముఖానికి సూటిగా పట్టి, దాన్నే చూసేలా చేయండి. రెండు కంటిపాపల్లోనూ తెల్లని చుక్క కనిపిస్తుంది. రెండింటిలోనూ ఒకే చోట ఉండాలి, నడిమధ్య నుంచి రవ్వంత ముక్కు వైపు ఉన్నా ఫరవాలేదు. ఒక కంట్లో చుక్క చెవి వైపు జరిగి ఉంటే ఆ కన్ను లోపలికి తిరిగినట్టు, ముక్కు వైపు ఎక్కువగా జరిగి ఉంటే బయటికి తిరిగినట్టు. ఒక మిల్లీమీటరు జరిగితే సుమారు 7 డిగ్రీల మెల్ల. కొద్దిపాటి మెల్లను కంటితో పట్టుకోవడం కష్టం అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది.

ఏ వయసులో డాక్టరు చేత పరీక్ష చేయించాలి?

పుట్టిన కొత్తలోనూ, టీకాలకు వెళ్లినప్పుడూ కంటిపాపలో ఎర్రని మెరుపు రెండు వైపులా సమానంగా ఉందో లేదో పిల్లల డాక్టరు చూస్తారు. ఆ తర్వాత మూడు నుంచి ఐదేళ్ల మధ్య కనీసం ఒక్కసారైనా ఒక్కో కన్నును విడిగా పరీక్షించాలి. మూడున్నర, నాలుగేళ్లు దీనికి అనువైన వయసు: బిడ్డ సహకరిస్తుంది, చికిత్సకు చేతిలో సమయమూ ఉంటుంది.

అక్షరాలు రాని పిల్లల చూపు ఎలా కొలుస్తారు?

నెలల పిల్లలకు ఒక వైపు నల్లటి చారలు, ఇంకో వైపు బూడిదరంగు ఉన్న కార్డులు చూపిస్తారు. చారలు కనిపిస్తే కళ్లు అటు తిరుగుతాయి. చారలను సన్నం చేస్తూ పోతే చూపు ఎంతో తెలుస్తుంది. మూడేళ్లకు ఇల్లు, ఆపిల్, చతురస్రం, వృత్తం బొమ్మలున్న లియా చార్టు వాడతారు. బిడ్డ పేరు చెప్పనక్కర్లేదు, చేతిలోని కార్డు మీద అదే బొమ్మను వేలితో చూపితే చాలు.

మూడేళ్ల వయసులో సుమారు 6/15 (మామూలు చూపు 15 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం), నాలుగేళ్లకు 6/12, ఐదు దాటాక 6/9 దాకా చదవాలి. అంతకన్నా ముఖ్యం, రెండు కళ్ల మధ్య రెండు వరుసల తేడా ఉండకూడదు. లేజీ ఐకి ఒక విచిత్రమైన గుణం ఉంది: విడిగా చూపిన బొమ్మను గుర్తుపడుతుంది, పక్కపక్కన పేర్చిన వరుసలో అదే బొమ్మను పోల్చుకోలేదు. అందుకే ఒక్కో అక్షరాన్ని వేరుగా చూపి చేసిన పరీక్షలో పాసైన కన్ను వరుసగా చదివితే ఫెయిలవుతుంది. పరీక్ష ఎలా చేశారో అడిగి తెలుసుకోండి. కన్ను మూయడానికి చేతికి బదులు అతికే ప్యాచ్ వాడారో లేదో కూడా చూడండి, పిల్లలు తొంగిచూడడంలో ఆరితేరినవాళ్లు.

కెమెరాలాంటి మెషీన్‌తో చూసి బాగుందన్నారు. చాలదా?

ఆ మెషీన్ కొలిచేది సైటు, మెల్ల వంటి ముప్పులను, చూపును కాదు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు చాలా ఉపయోగం. చార్టు చదవగలిగే వయసు వచ్చాక చార్టు పరీక్షే చేయించండి.

చుక్కలు వేసి పవర్ ఎందుకు చూస్తారు?

పిల్లల కంటి లోపలి కండరాలు ఎంత బలంగా పనిచేస్తాయంటే ప్లస్ పవర్‌ను పూర్తిగా దాచేస్తాయి. చుక్కలు వేసి వాటికి విశ్రాంతి ఇస్తేనే అసలు పవర్ బయటపడుతుంది. చుక్కలు లేకుండా, కంప్యూటర్ మెషీన్ చూపిన అంకెతోనే చిన్నపిల్లలకు అద్దాలు రాయించుకోవడం మంచిది కాదు. సైక్లోపెంటోలేట్ వేస్తే దగ్గరి మసక సుమారు ఒక రోజు ఉంటుంది, అట్రోపిన్ అయితే వారం నుంచి రెండు వారాలు.

చికిత్స ఎక్కడ మొదలవుతుంది?

అద్దాలతో. సైటు ఉంటే ముందు పూర్తి పవర్ అద్దాలు, నిద్రలేచింది మొదలు పడుకునే దాకా. చాలామంది ప్యాచ్ (మందగించిన కన్ను పనిచేసేలా మంచి కన్నును మూసి ఉంచే అతుకు) గురించే ఆలోచిస్తారు, కానీ కొందరికి అద్దాలతోనే పని అయిపోతుంది. రెండు కళ్ల సైటు తేడా వల్ల లేజీ ఐ వచ్చిన, మూడు నుంచి ఏడేళ్ల లోపు 84 మంది పిల్లలతో జరిపి 2006లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, 27 శాతం మందికి ప్యాచ్ లేకుండానే లోపం పూర్తిగా పోయింది. ఈ మెరుగుదల 30 వారాల దాకా సాగవచ్చు. చూపు పెరుగుతున్నంత కాలం అద్దాలతోనే చూసి, పెరుగుదల ఆగాక ప్యాచ్ మొదలుపెట్టడం మంచి పద్ధతి.

అద్దాలు పెడితే తీసి పారేస్తున్నాడు.

మొదటి వారం రెండు వారాలు మామూలే. ప్లస్ పవర్‌తో కండరాలు సడలే దాకా దూరం మసగ్గానే ఉంటుంది. ఆ తర్వాత కూడా ఒప్పుకోకపోతే ఫ్రేము చూడండి: ముక్కు మీద జారుతుందా, చెవి వెనక ఒరుస్తుందా, బిడ్డ అద్దం పై అంచు మీదుగా చూస్తోందా. తలచుట్టూ సాగే పట్టీ, సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు తీసుకోండి. అన్నీ సరిగా ఉన్నా ఒప్పుకోకపోతే పవర్‌ను మళ్లీ చూపించాలి.

అద్దాలు తీస్తే మెల్ల ముందుకన్నా ఎక్కువ కనిపిస్తోంది. అద్దాలే పాడు చేశాయా?

లేదు. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు స్పష్టత కోసం కండరాలను బిగించినప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి. అద్దాలు ఆ శ్రమ తీసేస్తాయి. అద్దాలు తీయగానే బిడ్డ అలవాటైన స్పష్టత కోసం మళ్లీ బిగిస్తుంది, మెల్ల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంటే అద్దాలు పనిచేస్తున్నాయనే. ఇది చూసి భయపడి అద్దాలు మాన్పించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ప్యాచ్ ఏ కంటికి, ఎన్ని గంటలు?

మంచి కంటికి. చూపు 6/12 నుంచి 6/24 మధ్య ఉంటే రోజుకు 2 గంటలతో మొదలుపెడతారు. ఆ స్థాయిలో 6 గంటలు కట్టినా నాలుగు నెలలకు వచ్చే ఫలితం అంతే. 6/30, అంతకన్నా తక్కువ ఉంటే 6 గంటలు, రోజంతా కట్టినా అంతకన్నా ఎక్కువ ఒరిగేది లేదు. గంటలు డాక్టరే చెప్పాలి, మీరు పెంచకండి.

ప్యాచ్ చర్మానికి అతకాలి, అద్దాలు దాని మీద పెట్టాలి. అద్దానికి బట్ట తొడిగితే పక్క నుంచి చూసేస్తారు. ముక్కు వైపు సందు లేకుండా అతికించండి. తీసేటప్పుడు తడిపి, చర్మాన్ని వేలితో పట్టుకుని నెమ్మదిగా లాగండి. మూలలు ఎర్రబడితే అతికించే దిశ రోజూ మార్చండి, పుండు పడితే ఆపి డాక్టరుకు చెప్పండి.

ఎక్కువమందికి పనిచేయకపోవడానికి కారణం మొండి కన్ను కాదు, కట్టని గంటలు. ప్యాచ్‌లో చిన్న మీటరు పెట్టి కొలిచిన బ్రిటిష్ అధ్యయనంలో చెప్పిన గంటల్లో సగం కూడా కట్టలేదని తేలింది. సగటున 120 గంటలకు చార్టులో ఒక వరుస చొప్పున చూపు పెరిగింది. రోజుకు 2 గంటలు నిజంగా కడితే 60 రోజులకు ఒక వరుస. ఈ లెక్క గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి, రెండు వారాలకే నిరాశ పడకుండా ఉంటారు.

ప్యాచ్ ఉన్నంతసేపూ చదివించాలా?

అక్కర్లేదు. దగ్గరి పనులు చేయించినా, దూరం చూసే ఆటలు ఆడించినా తేడా లేదని పోల్చి చూసిన అధ్యయనంలో వచ్చింది. బిడ్డ ప్యాచ్ మరిచిపోయేంత ఇష్టమైన పని ఏదైనా సరే. ఒకే వేళకు, ఒకే ఆటతో మొదలుపెట్టడం మేలు. మెట్లు, సైకిలు, రోడ్డు మీద పరుగు మాత్రం ఆ గంటల్లో వద్దు, ఎందుకంటే అప్పుడు బిడ్డ నిజంగానే సరిగా చూడలేదు.

ప్యాచ్ బదులు చుక్కలు వేయవచ్చా?

అట్రోపిన్ 1 శాతం చుక్క మంచి కంటిలో వేస్తే దగ్గరి చూపు మసకబారి, బిడ్డ రెండో కన్ను వాడుతుంది. ఒక మోస్తరు లోపానికి శని, ఆదివారాల్లో వేసినా రోజూ వేసినంత ఫలితం ఉంటుంది. మంచి కంటికి మైనస్ సైటు ఉంటే అంతగా పనిచేయదు. చుక్క వేశాక కంటి లోపలి మూలను ఒక నిమిషం నొక్కి పట్టుకోండి, మందు ఒంట్లోకి తక్కువగా వెళుతుంది. చేతులు కడుక్కోండి, మీ కంటికి తగిలితే మీ కంటిపాపా పెద్దదవుతుంది. ఎండకు టోపీ కావాలి. ముఖం కందడం, జ్వరం, నోరు ఎండడం, గుండె వేగంగా కొట్టుకోవడం, కలవరింత కనిపిస్తే ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. సీసా పిల్లలకు అందకూడదు, తాగితే విషమే.

మంచి కన్ను మూసి మూసి అదే మందగించదా?

మందగించవచ్చు, చిన్న వయసులో ఎక్కువ గంటలు కట్టినప్పుడు ముఖ్యంగా. పిలిచిన తేదీకి తప్పకుండా రమ్మనేది అందుకే. ప్రతిసారీ రెండు కళ్లనూ కొలుస్తారు. ముందే పట్టుకుంటే ప్యాచ్ ఆపగానే చాలావరకు తిరిగి వస్తుంది.

తొమ్మిదేళ్లు వచ్చేశాయి. ఇక లాభం లేదా?

ఉంది, ఆశ కాస్త తగ్గించుకోవాలి. 2005లో ప్రచురించిన అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో అద్దాలకు తోడు ప్యాచ్, అట్రోపిన్ ఇస్తే 53 శాతం మందికి మెరుగైంది, అద్దాలతోనే అయితే 25 శాతం. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో అంతకుముందు ఎప్పుడూ చికిత్స తీసుకోని వారికే చెప్పుకోదగ్గ తేడా వచ్చింది: 47 శాతం, 20 శాతం. వయసు దాటిందని ఎవరో అన్నారని వదిలేయకండి, ఒక్కసారైనా గట్టిగా ప్రయత్నించదగ్గదే.

కంటి వ్యాయామాలు, విటమిన్లు, వీడియో గేములు?

వ్యాయామాలు, విటమిన్లు లేజీ ఐని పోగొట్టవు. రెండు కళ్లకు వేర్వేరు బొమ్మలు చూపి, మంచి కంటికి వచ్చే బొమ్మ వెలుగు తగ్గించే డిజిటల్ చికిత్సల మాట వేరు. లుమినోపియా అనే అలాంటి పరికరానికి నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అవి డాక్టరు రాసేవి. ఫోన్‌లో దొరికే మామూలు గేమును వాటితో సమానం అనుకోవద్దు.

మెల్లకు ఆపరేషన్ చేయిస్తే చూపూ వస్తుందా?

రాదు. ఆపరేషన్ కళ్లను సూటిగా నిలుపుతుంది, అంతే. మామూలుగా ముందు చూపు పెంచి, తర్వాత ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ తర్వాత కూడా ప్యాచ్ అవసరం పడవచ్చు.

బాగయ్యాక మళ్లీ తగ్గుతుందా?

చికిత్స ఆపిన మొదటి ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి కొంత తగ్గుతుంది. రోజుకు 6 నుంచి 8 గంటలు కడుతున్న ప్యాచ్‌ను ఒక్కసారిగా ఆపేసిన పిల్లల్లో 42 శాతం మందికి తిరగబెట్టింది, ముందు 2 గంటలకు తగ్గించి తర్వాత ఆపిన వాళ్లలో 14 శాతానికే. కాబట్టి మెల్లమెల్లగా మాన్పించాలి. ప్యాచ్ పోయినా అద్దాలు కొనసాగాలి.

ఎంత చేసినా ఒక కంటికి పూర్తి చూపు రాలేదు. ఇకపై ఏం చూసుకోవాలి?

మంచి కన్నును కాపాడుకోవాలి. పవర్ లేకపోయినా పగటిపూట పాలీకార్బొనేట్ అద్దాలు అలవాటు చేయండి, బంతి ఆటలకు ఆటల కోసమే చేసిన రక్షణ అద్దాలు పెట్టించండి. బాణాలు, బొమ్మ తుపాకులు, టపాసుల దగ్గర మినహాయింపు ఇవ్వకండి. స్కూల్లో టీచరుకు ఏ కన్ను బాగా కనిపిస్తుందో చెప్పి, బోర్డు ఆ వైపు పడేలా కూర్చోబెట్టించండి. ఏడాదికోసారి రెండు కళ్లకూ పరీక్ష చేయించండి.